పాలు పడని కుందేలు: ఇంకో తల్లా, సిరంజా?

మా చిత్తూరు వైపు కుందేలుకు పాలు పడకపోతే, పిల్లలకు పాలు పట్టడానికి మొదట సిరంజి వెతుకుతారు. నన్నడిగితే ముందు వెతకాల్సింది రెండు మూడు రోజుల తేడాలో ఈనిన ఇంకో కుందేలును. దాని గూట్లోని బొచ్చును ఈ పస్తున్న పిల్లలకు రుద్ది, దాని పిల్లల మధ్యలో పెడితే చాలామటుకు చేరదీస్తుంది. కుందేలు రోజుకు ఒకటి రెండుసార్లు, అదీ ఐదు నిమిషాలే పాలిస్తుంది. తల్లి పిల్లల పక్కన కూర్చోలేదని కంగారొద్దు, పొట్టలు చూడండి: గుండ్రంగా ఉంటే తాగినట్టు, ముడతలు పడితే పస్తు.

సిరంజి దారి కష్టం. ఆవుపాలలో కొవ్వు 4 శాతం, కుందేలు పాలలో 10 దాటుతుంది, మేకపాలూ పలచనే. పిల్లికూనల పాలపొడి కాస్త నయం. సూది తీసిన 1 ఎంఎల్ సిరంజితో, పిల్లను బోర్లా పట్టుకుని, చుక్కచుక్కగా పట్టాలి. వెల్లకిలా పోస్తే పాలు ఊపిరితిత్తుల్లోకి పోతాయి. తర్వాత గోరువెచ్చని తడిదూదితో కింద తుడిస్తేనే ఉచ్చ పోస్తాయి. ఇంత చేసినా అన్నీ దక్కవు.