కర్మ పోలీస్ వీడియో రివ్యూ: కెమెరా డ్రైవర్ సీట్లో కూర్చుంటే

బ్రిటిష్ రాక్ బ్యాండ్ రేడియోహెడ్ వాళ్ళ కర్మ పోలీస్ పాట వినని రాక్ అభిమానులు తక్కువే గానీ, ఆ పాట వీడియోని మధ్యలో ఇంకో ట్యాబ్ తెరవకుండా చివరిదాకా కూర్చుని చూసినవాళ్ళు అంతమంది ఉండరని నా అనుమానం, ఎందుకంటే మొదట్లో ఏమీ జరగట్లేదనిపిస్తుంది. రాత్రి, ఖాళీ రోడ్డు, పాత అమెరికన్ కారు ఒకటి, వెనక సీట్లో బ్యాండ్ సింగర్ థామ్ యార్క్ నీరసంగా చేరగిలబడి ఉన్నాడు, కారు ముందు హెడ్‌లైట్ల వెలుగులో ఒకాయన పరిగెడుతున్నాడు. అంతే. బ్యాండ్‌లో మిగతా నలుగురూ ఎక్కడా కనపడరు, గిటార్ లేదు, డ్రమ్స్ లేవు, స్టేజీ లేదు, జనం లేరు. 1997లో వచ్చిన ఓకే కంప్యూటర్ ఆల్బమ్‌లోది ఈ పాట, వీడియో డైరెక్టర్ జోనథన్ గ్లేజర్. రాక్ వీడియోల్లో కెమెరా పనితనానికి ఒక్కటంటే ఒక్కటి చూపించమని ఎవరైనా అడిగితే నేను ఇదే చూపిస్తా, లోపాలున్నా సరే, వాటి దగ్గరికీ వస్తా.

మామూలుగా రాక్ వీడియోలో కెమెరా ఎక్కడుంటుంది? అన్నిచోట్లా ఉంటుంది. సింగర్ గొంతు నరాల మీద, గిటార్ తీగల మీద, క్రేన్ పైన, డ్రమ్మర్ వెనకాల, సెకనుకో చోట. చూసేవాడికి ఒక స్థానం అంటూ ఉండదు, గాల్లో తేలుతూ అన్నీ చూసేస్తుంటాడు, ఏ గొడవకీ బాధ్యత లేదు. గ్లేజర్ ఇక్కడ చేసిన పని ఒక్కటే, కెమెరాని డ్రైవర్ సీట్లో కూర్చోబెట్టి కారు దిగనివ్వలేదు. ముందుకి చూస్తే అద్దంలోంచి రోడ్డు, పరిగెత్తే మనిషి. తల తిప్పితే వెనక సీటు, అందులో యార్క్. ఈ రెండు దిక్కులే, వీడియో మొత్తానికి ఇంతకంటే సామాను లేదు. కెమెరా ప్యాన్ అయ్యే (ఉన్నచోటే పక్కకి తిరిగే) తీరు కూడా మెషీన్ తిరిగినట్టు ఉండదు, ఎవరో తీరిగ్గా మెడ తిప్పి వెనక కూర్చున్నవాడిని ఒకసారి చూసి మళ్ళీ రోడ్డు వైపు తిరిగినట్టు ఉంటుంది, పైగా ఎక్కడో కట్ పడిందని మనకి తట్టనే తట్టదు, మొత్తం ఒకే కదలికలా సాగిపోతుంది.

ఇప్పుడు అసలు విషయం. ఆ మెడ ఎవరిది? డ్రైవర్ ఎవరో చివరిదాకా చూపించడు. పేరు లేదు, మొహం లేదు, మాట లేదు. మరి ఆ సీట్లోంచి చూస్తున్నది మనం కాబట్టి తోలుతున్నది కూడా మనమే అవుతాం, ఇది ఎక్కడా చెప్పడు, డైలాగ్ లేదు, టైటిల్ కార్డు లేదు, కెమెరా పెట్టిన చోటే చెప్పేస్తుంది. మనం ఏదో చూస్తున్నాం అనుకుంటూ ఉంటాం, తీరా చూస్తే తరుముతున్నాం. ఆ పరిగెత్తే మనిషి భయపడేది ఎవరికో కాదు, మనకే. సినిమా స్టడీస్ పాఠాల్లో పీఓవీ (పాత్ర కళ్ళలోంచి చూపించడం) అని ఒక్క ముక్కలో చెప్పి వదిలేసే టెక్నిక్ ఇక్కడ కథ మొత్తాన్నీ మోస్తోంది.

ఆ వేటలో నన్ను బాగా ఇబ్బంది పెట్టేది వేగం కాదు, వేగం లేకపోవడం. ఛేజ్ అనగానే మనకి అలవాటైంది టైర్లు కీచుమనడం, దడదడా కట్‌లు. ఇక్కడ కారు ఆ మనిషి పరుగు ఎంతో అంతే వేగంతో వెళ్తుంది. కావాలంటే ఒక్క క్షణంలో అతన్ని గుద్దేయొచ్చు, లేదా పక్కనుంచి దాటి వెళ్ళిపోవచ్చు, రెండూ చెయ్యదు, అతను అలిసిపోయేదాకా వెనకే ఉంటుంది. ఎలుకని చంపకుండా కాసేపు ఆడించే పిల్లి ఉంటుంది చూడండి, అదే బుద్ధి. పాట కూడా నిదానమైంది కదా, పియానో, అకూస్టిక్ గిటార్ మీద ఈడ్చుకుంటూ నడిచే పాట, అందుకని ఆ బెదిరింపు లిరిక్కి ఈ నిదానపు కారు సరిగ్గా అతికింది. తప్పు చేసినవాళ్ళని పట్టుకెళ్ళమని ఫిర్యాదు చేసే గొంతు ఒకటుంది పాటలో, మాతో పెట్టుకుంటే ఇదే గతి అని హెచ్చరించే కోరస్ ఉంది, ఆ కోరస్ వచ్చినప్పుడు యార్క్ వెనక సీట్లోంచి పెదాలు కదుపుతాడు, అది కూడా ఏదో కదపాలి కాబట్టి అన్నట్టు. చరణాల్లో గొంతు వినిపిస్తూనే ఉంటుంది, మనిషి మాత్రం పాడడు, ఊరికే కూర్చుని ఉంటాడు. లిప్ సింక్ (పాటకి పెదాలు కలపడం) సగం సగం వదిలేసి పాటకీ మనిషికీ మధ్య ఖాళీ పెట్టడం ఆ రోజుల్లో ఎమ్‌టీవీకి వెళ్ళే వీడియోకి చిన్న సాహసం కాదు. వేటకి ఆర్డర్ వేసినవాడు ఆయనా, లేక ఆయన కూడా కారులో ఇరుక్కున్నవాడా అన్న అనుమానం అక్కడే పుడుతుంది.

వెలుగు గురించి ఒక మాట. చూసేవాడికి కనిపించే వెలుగంతా దాదాపు హెడ్‌లైట్లదే అనిపించేలా లైటింగ్ చేశారు. ఆ వెలుగు పడినంత మేర రోడ్డు, దాని అవతల ఏమీ లేదు, నలుపు. అంటే ఆ మనిషికి దారి కనపడాలన్నా వెనక తరుముతున్న కారు లైట్లే దిక్కు, పక్కకి తప్పుకుంటే చీకటి. దీన్ని మొబైల్‌లో, అది కూడా నెట్ స్లోగా ఉన్నప్పుడు చూస్తే మాత్రం ఆ నలుపంతా గళ్ళుగళ్ళుగా పగిలిపోయి సగం అందం పోతుంది, పెద్ద స్క్రీన్ మీద గదిలో లైట్లు ఆపేసి చూడండి.

ఇక మలుపు (చూడనివాళ్ళు ఇక్కడ ఆగి చూసి రండి, పాట నాలుగున్నర నిమిషాలు కూడా ఉండదు). ఆ మనిషి ఇక పరిగెత్తలేక రోడ్డు మీద కూలబడతాడు. కారు ఆగుతుంది. తర్వాత నెమ్మదిగా రివర్స్‌లో వెనక్కి వెళ్తుంది, దేనికో మనకి తెలీదు, ఊపు తీసుకుని గుద్దడానికే అనుకుంటాం. అప్పుడు అతను లేచి మన వైపు తిరుగుతాడు, జేబులో వెతుక్కుంటాడు, అగ్గిపుల్లలు తీస్తాడు. కారు వెనక్కి పోతూ రోడ్డు మీద పెట్రోల్ కార్చుకుంటూ పోయిందని అతనూ మనమూ ఇంచుమించు ఒకేసారి గమనిస్తాం. పుల్ల గీసి వదులుతాడు. మంట గీతలా రోడ్డు మీద మన వైపు పరిగెత్తుకొస్తుంది, కారు వెనక్కి వెనక్కి పారిపోతుంది, మంట ఆగదు.

ఇక్కడ కథ చెప్పే పద్ధతి చూడండి. కొత్త పాత్ర రాలేదు, కొత్త లొకేషన్ రాలేదు, కెమెరా కొత్త యాంగిల్‌కి మారలేదు, అదే సీటు, అవే రెండు దిక్కులు. ఇంతసేపూ ఏ సీటు మనకి అధికారం ఇచ్చిందో అదే సీటు బోనైపోయింది. కెమెరా దిగకూడదన్న రూలు మొదట్లో ఏదో స్టైల్ కోసం పెట్టినట్టుంటుంది, మంట వచ్చేసరికి ఆ రూలే శిక్ష. ఒక్కసారి బయటి షాట్ వేసి మండుతున్న కారుని దూరం నుంచి చూపించి ఉంటే కళ్ళకి ఇంకా భారీగా ఉండేదేమో గానీ మనం సేఫ్‌గా బయట నిలబడి చూసేవాళ్ళం, దెబ్బ తగిలేది కాదు. ఆ బయటి షాట్ వెయ్యాలని ఏ డైరెక్టర్‌కైనా చెయ్యి లాగుతుంది, ఈయన ఆగాడు. కెమెరా కంగారుగా తిరిగి వెనక సీటు చూస్తుంది, అక్కడ యార్క్ లేడు. అదే ప్యాన్ ఇంతకుముందు తీరిగ్గా చేసింది, ఇప్పుడు భయంతో చేస్తోంది, తేడా వేగం ఒక్కటే, కానీ డ్రైవర్ అనే కనపడని పాత్రకి ప్రాణం ఉందని మొదటిసారి తెలిసేది అక్కడే.

పాట చివర వచ్చే ఆ రొద కూడా ఇందులో భాగమే. అది గిటారిస్ట్ ఎడ్ ఓబ్రయన్ డిలే మెషీన్‌ని (శబ్దాన్ని కాస్త ఆగి ప్రతిధ్వనిలా వినిపించే పరికరం) తన ఫీడ్‌బ్యాక్‌తో తానే అరిచేలా చేసి, దాని స్పీడ్ తగ్గిస్తూ తీసిన శబ్దం, అంటే మెషీన్ అదుపు తప్పి కరిగిపోతున్నట్టు వినిపిస్తుంది. ఆల్బమ్‌లో వింటే అదొక ప్రయోగంలా అనిపిస్తుంది, వీడియోలో మాత్రం కారు లోపలి నుంచే వస్తోందా అనిపిస్తుంది, హెడ్‌ఫోన్స్ పెట్టుకుంటే ఇంకా.

గ్లేజర్ చేసిన మిగతావి కూడా చూస్తే ఆయన ఆలోచన ఎక్కడ మొదలవుతుందో తెలుస్తుంది. ముందు కథ రాసుకుని తర్వాత షాట్లు పెట్టుకునే రకం కాదేమో అనిపిస్తుంది నాకు, కెమెరాని దేనికి కట్టాలి అన్న ప్రశ్న ముందు వస్తుంది. 1996లో జమీరోక్వాయ్ బ్యాండ్‌కి తీసిన వర్చువల్ ఇన్‌సానిటీలో నేల కదులుతోందని జనం అనుకున్నారు, నిజానికి నేల అక్కడే ఉంది, కదిలింది గోడలు, గోడలతో పాటే కెమెరా కదిలింది కాబట్టి కన్ను మోసపోయింది. రేడియోహెడ్‌కే అంతకుముందు తీసిన స్ట్రీట్ స్పిరిట్‌లో బ్లాక్ అండ్ వైట్‌లో ఒకే ఫ్రేమ్‌లో ఇద్దరు మనుషులకి రెండు వేగాలు. కర్మ పోలీస్‌లో కెమెరాని ఒక మనిషి మెడకి కట్టాడు.

ఇదే 1997లో ప్రాడిజీ బ్యాండ్‌కి యోనాస్ ఒకర్లుండ్ తీసిన వీడియో కూడా మొత్తం పీఓవీలోనే ఉంటుంది, ఎవరో రాత్రంతా తాగి తిరిగి గొడవలు పడుతుంటారు, ఆఖర్లో అద్దంలో చూపిస్తారు, అది ఒక అమ్మాయి అని. బాగా పేలిన ట్విస్ట్, కాదనను. కానీ ట్విస్ట్ తెలిశాక రెండోసారి చూస్తే మిగిలేది తక్కువ. కర్మ పోలీస్ ఆ అద్దం చూపించడానికి ఒప్పుకోదు, అందుకే ముగింపు ముందే తెలిసి చూసినా పని చేస్తుంది, పైగా రెండోసారి ఆ తీరిగ్గా తల తిప్పడాలు ఇంకా జుగుప్సగా ఉంటాయి.

సరే, లోపాలు. మధ్యలో ఒకచోట ముందు వెనక, ముందు వెనక అని కెమెరా తిరగడం లెక్కగా మారుతుంది, రెండో కోరస్ దగ్గరకొచ్చేసరికి ఇప్పుడు యార్క్ మీదికి వెళ్తుంది అని ముందే చెప్పేయొచ్చు, టెన్షన్ అక్కడ కాస్త జారుతుంది. ఒక్క ప్యాన్ తగ్గించి రోడ్డు మీదే ఇంకాసేపు ఉంచి ఉంటే బాగుండేది. ఇంకోటి, వెనక సీటు ఖాళీ అవ్వడం. దీని మీద అభిమానులు రకరకాలుగా చెప్తారు, ఆయన అసలు లేనే లేడు, డ్రైవర్ ఊహే అని, లేదు ముందే దిగిపోయాడని, వేటగాడూ ఆయనే వేటా ఆయనే అని. పాటలో కూడా ఆఖర్లో తనని తాను కాసేపు పోగొట్టుకున్నట్టు పాడతాడు కాబట్టి దానికి అతుకుతుంది నిజమే, కానీ ఇంతసేపూ మాయలు లేకుండా నడిచిన కథలో ఆఖరి క్షణంలో ఒక మాయ పెట్టడం నాకు పూర్తిగా మింగుడుపడదు. ఉన్నా భయమే కదా, ఆయన అక్కడే కూర్చుని అదే నీరసంతో మంటని చూస్తూ ఉంటే?

పరిగెత్తే మనిషికి ఫ్లాష్‌బ్యాక్ లేదు, ఏం తప్పు చేశాడో చెప్పలేదు అని విసుక్కునేవాళ్ళూ ఉన్నారు, దాన్ని మాత్రం నేను లోపం కింద లెక్కెయ్యను. తప్పేంటో చెప్తే మనం వెంటనే జడ్జి సీట్లోకి వెళ్ళిపోతాం, తరమడం న్యాయమా కాదా అని వాదించుకుంటాం. తెలీకపోవడం వల్లే తరమడం ఒక్కటే కంటికి కనిపిస్తుంది.

ఎవరికి నచ్చుతుంది అంటే, షార్ట్ ఫిల్మ్‌లు తీద్దామనుకునేవాళ్ళకి ముందు చూపించాలి, గింబల్, డ్రోన్, స్లైడర్ లాంటి కెమెరా సరంజామా అన్నీ ఉంటేగానీ కుదరదనుకునేవాళ్ళకి మరీను. బ్యాండ్ వాయిస్తుంటే చూద్దామని వచ్చేవాళ్ళకి ఇది బోరే, లైవ్ వీడియోలు బోలెడున్నాయి, అటు వెళ్ళడం మంచిది. నా రేటింగ్ అయిదుకి నాలుగున్నర, ఆ అర ఎక్కడ పోయిందో పైన చెప్పాను.

చూశాక వెంటనే ర్యాబిట్ ఇన్ యువర్ హెడ్‌లైట్స్ కూడా పెట్టుకోండి, 1998లో అంకుల్ అనే గ్రూపుకి ఇదే గ్లేజర్ తీసింది, పాడింది కూడా యార్కే. అందులో కెమెరా కారు దిగి రోడ్డు మీదికి వచ్చేసింది. సొరంగంలో ఒకాయన, ఫ్రెంచి నటుడు డెనీ లవాంట్, ఏదో గొణుక్కుంటూ నడుస్తుంటాడు, కార్లు వచ్చి గుద్దేస్తుంటాయి, పడతాడు, లేస్తాడు, నడుస్తాడు. ఆఖర్లో కోటు విప్పేసి చేతులు చాచి నిలబడితే ఈసారి తుక్కయ్యేది కారు. రెండూ ఇదే వరసలో చూడాలి, ముందు డ్రైవర్ సీటు, తర్వాత రోడ్డు. తిరగేసి చూస్తే కర్మ పోలీస్‌లో మన వైపు తిరిగిన ఆ మనిషి జేబులో చెయ్యి పెట్టగానే ఏం జరగబోతోందో ముందే ఊహించేస్తారు.