సైజులు కలవని రెండు డిస్కుల మీద సిస్టమ్ మిర్రర్: మేత కొట్టులో ఏళ్లుగా వాడాక

అమలాపురంలో మాది రొయ్యల మేత కొట్టు. ఉప్పలగుప్తం, కాట్రేనికోన వైపు రైతులకు మేత అప్పు మీద ఇస్తాం, పట్టుబడి (చెరువులో రొయ్యలు పట్టడం) అయ్యాక లెక్క తేల్చుకుంటాం. ఆ ఖాతాలు నడిచే డెబియన్ (ఒక రకం లైనక్స్) మిషను పొద్దున్నే లేవకపోతే కొట్టు తీసినా పని జరగదు. అందుకే సిస్టమ్ పార్టిషన్‌ని (డిస్కులో సిస్టమ్‌కి విడిగా కోసిన భాగాన్ని) రెండు హార్డ్ డిస్కుల మీద మిర్రర్ చేశాను, అంటే రాసిందంతా రెండిటి మీదా ఒకేలా పడుతుంది. ఒకటి 500 జీబీ, రెండోది 1 టీబీ. మధ్యలో చిన్నది పోయింది, దాని చోట ఇంకోటి వచ్చింది. ఇన్నేళ్లు వాడాక నా మాట ఇదండీ: సైజులు కలవలేదని ఆగక్కర్లేదు, కానీ బూట్ (మిషను లేచే) సంగతి సగంలో వదిలేస్తే ఈ పనంతా దండగ.

డిస్కుకి డిస్కుని జత కడితే మిర్రర్ చిన్నదాని సైజుకే ఆగిపోతుంది, పెద్దదానిలో మిగిలిన జాగా అక్కరకు రాదు. లైనక్స్‌లో మిర్రర్ కట్టే ఎండీఆడ్మ్ (mdadm) ప్రోగ్రాము పార్టిషన్లను కూడా జత కడుతుంది. రెండు డిస్కుల్లోనూ 60 జీబీ సిస్టమ్‌కి, 8 జీబీ స్వాప్‌కి (మెమరీ చాలనప్పుడు వాడే జాగాకి), ఖాతాలకు ఒక పెద్ద పార్టిషను సమానంగా కోశాను. స్వాప్‌కి మిర్రర్ ఎందుకని చాలామంది అడుగుతారు. స్వాప్ ఉన్న డిస్కు నడుస్తుండగా పోతే, అందులోకి వెళ్లిన ప్రోగ్రాములు అక్కడే కూలిపోతాయి. పెద్ద డిస్కులో మిగిలిన జాగా సీసీ కెమెరాల రికార్డింగుకి ఇచ్చాను. అది పోయినా మాకు నష్టం లేదు. చిన్న డిస్కు చివర మాత్రం కొంచెం ఖాళీ వదలండి. రేపు కొనే డిస్కు అదే సైజని రాసి ఉన్నా సెక్టార్లు (డిస్కులోని చిన్న చిన్న గడులు) కాసిని తక్కువ ఉంటే మిర్రర్‌లో చేరదు.

ఇక బూట్. డెబియన్ ఇన్‌స్టాలర్ గ్రబ్‌ని (సిస్టమ్‌ని లేపే చిన్న ప్రోగ్రాముని) ఒక్క డిస్కు మీదే పెడుతుంది. ఆ డిస్కే పోతే, రెండోదాని మీద సిస్టమ్ మొత్తం భద్రంగా ఉన్నా మిషను లేవదు. పాత బయోస్ (మిషను ఆన్ కాగానే ముందు నడిచే పాతరకం ఫర్మ్‌వేర్) మిషనైతే గ్రబ్‌ని రెండో డిస్కు మీద కూడా ఎక్కించాలి. తరువాత మిషను ఆపి, మొదటి డిస్కు కేబుల్ తీసేసి, ఒంటి డిస్కుతో లేపి చూడాలి. మళ్లీ తగిలించి, మిర్రర్‌లో తిరిగి చేర్చి, రెండూ సమానమయ్యాక అటుదీ అలాగే చూడాలి. ఈ పరీక్ష చేయకుండా మిర్రర్ ఉందని ధీమాగా ఉండకండి. కొత్తరకం యూఈఎఫ్‌ఐ ఫర్మ్‌వేర్ ఉన్న మిషన్లలో ఇంకో చిక్కు: గ్రబ్ ఉండే ఈఎఫ్‌ఐ పార్టిషన్‌ని ఫర్మ్‌వేర్ నేరుగా చదువుతుంది, దానికి మిర్రర్ సంగతి తెలియదు. రెండు డిస్కుల్లో రెండు ఈఎఫ్‌ఐ పార్టిషన్లు పెట్టి, గ్రబ్ మారినప్పుడల్లా రెండోదానికి కాపీ చేయడమే నాకు తెలిసిన నమ్మకమైన దారి.

మా ప్రాంతంలో కరెంటు సంగతి చెప్పనక్కర్లేదు. 2018 డిసెంబరులో పెథాయ్ తుపాను యానాం దగ్గర తీరం దాటినట్టు ఎప్పుడో ఒకసారి కాదు, మామూలు గాలివానకే లైన్లు పోతాయి. యూపీఎస్ బ్యాటరీ కూడా చేతులెత్తేసి మిషను అర్ధాంతరంగా ఆగితే, లేచాక రెండు డిస్కులూ ఒకటేనా అని మొదటి నుంచి పోల్చుకుంటూ కూర్చుంటుంది. బిట్‌మ్యాప్ (ఎక్కడెక్కడ రాస్తోందో గుర్తుపెట్టే పట్టీ) ఉంటే అప్పుడు రాస్తున్న చోట్లను మాత్రమే సరిచేసుకుంటుంది. పెద్ద పార్టిషన్లకు ఎండీఆడ్మ్ దాన్ని తనే పెడుతుంది గానీ, 100 జీబీ లోపు వాటికి పెట్టదు. 60 జీబీ సిస్టమ్‌కి చేత్తో పెట్టుకోవాల్సిందే.

చిన్న డిస్కు పోయేముందు బిల్లింగ్ ఉండుండి బిగుసుకుపోయేది. మామూలు డెస్క్‌టాప్ డిస్కులు చెడ్డ సెక్టారు దగ్గర వదలకుండా మళ్లీ మళ్లీ ప్రయత్నిస్తాయి. కెర్నల్ (లైనక్స్‌కి గుండెకాయ) మాత్రం 30 సెకన్లే ఆగి, డిస్కు జవాబివ్వలేదని తేల్చేస్తుంది. డిస్కు ఒప్పుకుంటే స్మార్ట్‌సీటీఎల్ (smartctl) అనే కమాండుతో ఆ ప్రయత్నాన్ని 7 సెకన్లకు కట్టేయవచ్చు, ఒప్పుకోకపోతే కెర్నల్ గడువును 180 సెకన్లకు పెంచాలి. చివరికి మిర్రర్ ఆ చిన్న డిస్కుని బయటికి తోసేసింది. మిర్రర్ స్థితి చూస్తే (బాగున్న డిస్కుకి ఒక యూ చూపిస్తుంది) రెండు యూ అక్షరాలకు బదులు ఒక యూ, పక్కన ఖాళీ గీత. కొట్టు మాత్రం ఆగలేదు, పట్టుబళ్ల రోజులైనా బిల్లులు నడిచాయి. కొత్త డిస్కుకి పార్టిషన్లు కోసి చేర్చాక సిస్టమ్ భాగం త్వరగానే నిండింది. సెకనుకు 100 ఎంబీ వేసుకుంటే 60 జీబీకి పది నిమిషాలే కదా. కెమెరాలు రాస్తుంటే ఇంకాస్త పడుతుంది.

డిస్కు బయటికి పోయిందనే కబురు రూట్ (మిషను నిర్వాహకుడి ఖాతా) మెయిల్‌కి వెళ్తుంది. కొట్లో దాన్ని ఎవరు చూస్తారండీ? బిల్లింగ్ తెర మీద ఎర్రగా కనబడేలా చిన్న స్క్రిప్టు పెట్టుకున్నాం.

నచ్చనిది ఒకటుంది. కెమెరాల రికార్డింగు పెద్ద డిస్కు మీదే కాబట్టి దాని హెడ్ అటూఇటూ తిరుగుతూనే ఉంటుంది. మిర్రర్‌లో రాత రెండు డిస్కుల మీదా పూర్తవ్వాలి గనక మొత్తం దాని వేగానికే దిగుతుంది. డబ్బుంటే కెమెరాలకు వేరే డిస్కు పెట్టండి. ఇంకో మాట, ఖాతా ఎవరైనా పొరపాటున చెరిపేస్తే మిర్రర్ అదే క్షణాన రెండుచోట్లా చెరిపేస్తుంది. అందుకని రోజూ రాత్రి ఖాతాల కాపీ విడిగా ఇంటికి వెళ్తుంది.

సముద్రం దగ్గర ఊళ్లవాళ్లకు ప్రత్యేకంగా: డిస్కు బయటికి వచ్చిందంటే వెంటనే పారేయకండి. ముందు స్మార్ట్ (డిస్కు తన ఆరోగ్యం గురించి తనే రాసుకునే లెక్కలు) వివరాలు చూడండి. చెడ్డ సెక్టార్లు లేకుండా కేబుల్ లోపాల లెక్క మాత్రమే పెరుగుతుంటే, ఉప్పుగాలికి పాడైన సాటా కేబుల్ మార్చి అదే డిస్కుని తిరిగి చేర్చండి. బిట్‌మ్యాప్ ఉంటే మారిన భాగం వరకే కాపీ అవుతుంది.