తీర్థన్ లోయలో ట్రౌట్ వేట: నాలుగు రోజులు, రెండు బసలు

బయల్దేరే ముందు నెల రోజులు మా అపార్ట్‌మెంట్ డాబా మీద గాలం విసరడం ప్రాక్టీస్ చేశాను. రెండుసార్లు డిష్ యాంటెన్నాకి, ఒకసారి పక్క ఫ్లాట్‌వాళ్లు ఆరేసిన చీరకి తగులుకుంది. చిన్నప్పటి నుంచీ చెరువు గట్టున వానపాము గుచ్చి, బెండు మునిగేదాకా కూర్చునే అలవాటు నాది. ఫ్లై ఫిషింగ్‌లో బెండూ లేదు, వానపామూ లేదు. ఈకలూ దారమూ చుట్టి పురుగులా తయారుచేసిన కొక్కేనికి బరువే ఉండదు. దాన్ని మోసుకెళ్లేది లావుపాటి లైను బరువే.

హైదరాబాద్ చెరువుల్లో ట్రౌట్ చేప బతకదు, దానికి చల్లటి పారే నీళ్లు కావాలి. అందుకే దసరా సెలవుల్లో బామ్మర్దితో కలిసి హిమాచల్‌లోని తీర్థన్ లోయకి వెళ్లాను. వానాకాలంలో నీళ్లు బురదగా ఉంటాయి. నవంబర్ 1 నుంచి ఫిబ్రవరి నెలాఖరు దాకా ట్రౌట్ గుడ్లు పెట్టే కాలం, వేట నిషేధం. మధ్యలో మిగిలింది ఈ కొన్ని వారాలే. అయితే ఒక సంగతి మర్చిపోయాం. మనకి విజయదశమితో పండగ అయిపోతుంది, కులూలో ఆ రోజే మొదలై వారం నడుస్తుంది. ఢిల్లీ నుంచి రాత్రి బస్సు కిటకిటలాడింది. ఔట్ అనే ఊరి దగ్గరి సొరంగానికి ముందే దిగిపోయేవాళ్లం కాబట్టి కులూ ట్రాఫిక్ తప్పించుకున్నాం.

మొదటి బస శుద్ధ దండగ. ‘నది ఒడ్డునే’ అన్నారు, కిటికీ తీస్తే కనిపించింది పార్కింగ్. అద్దెకిస్తామన్న ఫ్లై రాడ్ తీరా చూస్తే బరువైన ఎర విసిరే మామూలు స్పిన్నింగ్ రాడ్. ‘పర్మిట్ ఎవరూ అడగరు సార్’ అని సలహా కూడా ఇచ్చారు. మేం మాత్రం మత్స్య శాఖ పర్మిట్ తీసుకునే దిగాం. మూడో రోజు శాఖవాళ్లు నీళ్ల దగ్గరికే వచ్చి పర్మిట్ అడిగారు.

మర్నాడే అదే లోయలోని గుశైనీ ఊరికి మారాం. నదికి అవతలి ఒడ్డున ఇల్లు, సామాన్లు తీగ మీద వేలాడే తొట్టెలో వెళ్లాయి. పక్కా ఇల్లేగానీ గీజర్ మొండికేస్తుంది, ఫోన్ సిగ్నల్ వస్తూ పోతూ ఉంటుంది. రెండు పూటల భోజనంతో మనిషికి రోజుకి 1800. రాజ్మా అన్నం, నెయ్యి పోసిన సిద్దూ (ఆవిరి మీద ఉడికించే గోధుమ రొట్టె)... పొట్ట నిండింది. మేం పట్టుకెళ్లిన ఆవకాయ సీసా మూడో రోజుకే ఖాళీ, సగం ఆ ఇంటివాళ్లే తిన్నారు.

అసలు డబ్బులు పెట్టాల్సింది గైడ్‌కి. ఆ కుర్రాడు మమ్మల్ని పెద్ద నది వదిలించి, గుశైనీ దగ్గర కలిసే పలాచన్ వాగులోకి తీసుకెళ్లాడు. ట్రౌట్ ప్రవాహానికి ఎదురుగా తల పెట్టి, కొట్టుకొచ్చే పురుగు కోసం బండ చాటున కాచుకుంటుంది. అందుకని మనం దిగువ నుంచి, దాని వెనక నుంచి, వంగి నడవాలి. నీడ నీళ్ల మీద పడిందా, ఆ మడుగు ఇక పనికిరాదు. నా తొమ్మిది అడుగుల రాడ్ అక్కడ భారమే అయింది. వెనకంతా చెట్లు, చేయి వెనక్కి తీయడానికే జాగా లేదు. లైను వెనక్కి పోకుండా నీళ్ల మీద నుంచే చుట్టలా ముందుకి దొర్లించే రోల్ కాస్ట్ అతనే నేర్పాడు.

రెండో రోజు పదకొండింటికి ఒకటి పడింది. జానెడు కూడా లేదు. గోధుమరంగు ఒళ్లు, ఎర్రటి చుక్కలు, ఒక్కో చుక్క చుట్టూ లేత వలయం. ఇంగ్లీషువాళ్ల కాలంలో, 1909 ప్రాంతంలో కులూకి తెచ్చిన బ్రౌన్ ట్రౌట్ సంతతి ఇది. చేయి తడుపుకుని, నీళ్లలోనే కొక్కెం తీసి వదిలేశాను.

‘ఇంత దూరం వచ్చి వదిలేస్తావా బావా! రాంనగర్ చేపల మార్కెట్‌లో చెప్తే నవ్విపోతారు’ అన్నాడు బామ్మర్ది.

రాత్రికి ఫారంలో పెంచిన రెయిన్‌బో ట్రౌట్ వేయించి పెడితే శాంతించాడు. ముళ్లు తక్కువ, రుచి మెత్తన. నన్నడిగితే కొర్రమీను పులుసు ముందు దిగదుడుపే. వాడు ఒప్పుకోలేదు.

నాలుగు రోజుల్లో నాకు ఐదు, వాడికి రెండు. చేపకెంత పడిందో లెక్కేస్తే ఇంట్లో గొడవలవుతాయి. ఇంకొకరు వెళ్తుంటే చెప్పేది ఇదీ: ఏడున్నర అడుగుల రాడ్ చాలు, జారని అడుగున్న బూట్లు కొనండి, అక్కడి గ్రేట్ హిమాలయన్ నేషనల్ పార్కు గేటు లోపల గాలం వేయకండి. రాడ్ గొట్టాన్ని విమానంలో లగేజీలోనే వేయండి. బామ్మర్ది అప్పుడే ఏడున్నర అడుగులది ఆర్డర్ పెట్టాడు, మార్చికట.