పిడుక్కీ టీవీకీ ఒకటే కడ్డీ అంటే నమ్మకండి

ఇల్లు కట్టుకుంటున్నవాళ్లూ, అపార్ట్‌మెంట్ అసోసియేషన్‌లో డబ్బులు ఖర్చుపెట్టే బాధ్యత ఉన్నవాళ్లూ ఇది చదివాకే పిడుగు కడ్డీకి అడ్వాన్సు ఇవ్వండి.

మాది ఖమ్మం దగ్గర పొలాల మధ్య రెండంతస్తుల ఇల్లు. నిరుడు మేడ మీద పిడుగు కడ్డీ పెట్టించాం, ఈఎస్ఈ రకం (మామూలు కడ్డీ కంటే ఎక్కువ దూరం కాపాడుతుందని చెప్పి అమ్మేది). "చుట్టూ 107 మీటర్ల దాకా పిడుగు పడదు సార్. టీవీ నుంచి బోరు మోటారు దాకా అన్నిటికీ ఇదే రక్ష" అన్నాడు అమ్మినతను. 58 వేలు కట్టాం.

ఈ మే నెలలో ఒక సాయంత్రం గాలివాన. మా అమ్మ అలవాటుగా అర్జునా, ఫల్గుణా అనుకుంటూ వసారాలో కూర్చుంది. నేను మాత్రం కడ్డీ ఉందన్న ధీమాతో ఒక్క ప్లగ్గూ పీకలేదు. పిడుగు పడింది మా ఇంటి మీద కాదు, వీధి చివర కరెంటు లైను దగ్గర. టీవీ, సెట్‌టాప్ బాక్సు, వైఫై రూటర్, సీసీ కెమెరాల డీవీఆర్, ఫ్రిజ్ లోపలి బోర్డు అన్నీ ఒక్కసారే పోయాయి. ఫ్రిజ్‌కి స్టెబిలైజర్ ఉంది, అదీ పోయింది. గోడకి మాత్రం గీత పడలేదు.

తర్వాత తెలిసిన ఎలక్ట్రీషియన్ వచ్చి చూసి చెప్పాడు. కడ్డీ పని ఇంటి మీద పడే పిడుగుని భూమిలోకి దించడం, అంతే. కరెంటు తీగ వెంటా, కేబుల్ వైరు వెంటా లోపలికి ఒక్కసారిగా ఎగసి వచ్చే అధిక వోల్టేజిని, అంటే సర్జ్‌ని అది ఆపదు. దానికి మెయిన్ బోర్డులో ఎస్‌పీడీ (సర్జ్‌ని భూమిలోకి మళ్లించే పరికరం) ఉండాలి. మాకు అది లేనే లేదు! స్టెబిలైజర్, ఎంసీబీ (లోడు ఎక్కువైతే పడిపోయే స్విచ్) ఆ పనికి చాలవు. సర్జ్ సెకనులో వెయ్యో వంతు కూడా పట్టని కాలంలో వచ్చి వెళ్లిపోతుంది, అవి కదిలేలోపే నష్టం జరిగిపోతుంది.

ఇంకో ఘోరం: కడ్డీ ఎర్త్ పిట్ వేరు, ఇంటి ఎర్త్ వేరు, రెండిటినీ కలపలేదు. నిజంగా కడ్డీ మీదే పడి ఉంటే ఆ రెండిటి మధ్య వోల్టేజి తేడా ఇంట్లోనే తేలేది. తలచుకుంటే ఇప్పటికీ వణుకు.

ఆ 107 మీటర్ల లెక్క ఎక్కడిదా అని వెతికాను. ఫ్రాన్స్ వాళ్ల ఎన్ఎఫ్ సీ 17-102 అనే ప్రమాణంలోది, అదీ రక్షణ అన్నిటికంటే తక్కువ స్థాయిలో ఉన్నప్పటి దూరం. మన ఐఎస్/ఐఈసీ 62305 ప్రమాణం ప్రకారం కడ్డీ ఏ రకమైనా దాని అసలు ఎత్తు, కొలతలే లెక్క; అదనపు మీటర్లు ఇవ్వరు. "స్వచ్ఛమైన రాగి" అని బిల్లేసిన ఎర్త్ రాడ్‌కి అయస్కాంతం అతుక్కుంది, అంటే లోపల ఉక్కే. రాగి పూత ఉక్కు రాడ్లు చెడ్డవేం కాదు, కానీ రాగి ధర ఎందుకు తీసుకున్నట్టు?

మీరు కొనేటప్పుడు కడ్డీ ఉన్న ఇంటికి మెయిన్ బోర్డులో టైప్ 1 (లేదా 1+2) ఎస్‌పీడీ అడగండి. దాని మీద 10/350 అని (నేరుగా పడే పిడుగు కరెంటుకి పరీక్షించిన గుర్తు) ఉండాలి; 8/20 మాత్రమే ఉంటే అది చిన్న సర్జ్‌లకే పనికొచ్చే టైప్ 2. బిగించేటప్పుడు పక్కనే నిలబడండి. దానికి వెళ్లే ఫేజు వైరు, ఎర్త్ వైరు కలిపి అర మీటరు దాటకూడదు. మీటర్ల కొద్దీ చుట్ట చుట్టి వదిలేస్తే ఎంత ఖరీదైన పెట్టె అయినా దండగే. దాని మీది చిన్న కిటికీ ఆకుపచ్చ నుంచి ఎర్రబడితే మార్చాలి. కేబుల్, కెమెరా వైర్లకి విడిగా వేరే రకం ఎస్‌పీడీ కావాలి. న్యూట్రల్ తెగి ఎక్కువ వోల్టేజి వస్తే ఎస్‌పీడీ కాపాడదు, అదే కాలిపోవచ్చు. దానికి ఓవర్ వోల్టేజి కటాఫ్ వేరుగా పెట్టించాలి.

అమ్మినతనికి ఫోన్ చేస్తే, "పిడుగు దేవుడి పని సార్, వారంటీలోకి రాదు" అన్నాడు. బిల్లు తీసి చూస్తే "ఎల్ఏ సెట్ – 1" (ఎల్ఏ అంటే లైట్నింగ్ అరెస్టర్, పిడుగు కడ్డీ) అని ఒక్క ముక్కే ఉంది. మోడల్ లేదు, ఎర్త్ రెసిస్టెన్స్ ఎన్ని ఓములు వచ్చిందో లేదు. కొలిచే మీటరు అతని దగ్గర చూసిన గుర్తు కూడా నాకు లేదు.