మాస్టర్ టేపు నాణ్యత అంటూ అమ్ముతున్న పాత పాటల ఆల్బమ్‌లు: కొనేవారికి హెచ్చరిక

పాత తెలుగు పాటలను డబ్బు చెల్లించి డౌన్‌లోడ్ చేసుకునే తోటి శ్రోతలందరికీ ఈ విషయం తెలియజేయడం అవసరమనిపించి రాస్తున్నాను. 1950, 60 దశకాల సినిమా పాటలు, ప్రైవేటు పాటలు, పద్యాలు కలిపి ఒక వెబ్‌సైటు ‘ఒరిజినల్ మాస్టర్ టేపుల నుంచి తీసిన 24 బిట్, 96 కిలోహెర్ట్జ్ ఫ్లాక్ ఫైళ్లు’ అన్న వివరణతో ఆల్బమ్‌లను అమ్ముతోంది. మాస్టర్ టేపు అంటే స్టూడియోలో పాట మొదట రికార్డయిన టేపు; ఫ్లాక్ అంటే శబ్దంలో ఏదీ పోకుండా దాచే ఫైలు రకం; ఆ అంకెలు శబ్దాన్ని ఎంత వివరంగా నమోదు చేశారో చెబుతాయి. నాలుగు ఆల్బమ్‌ల సెట్టును 1,800 రూపాయలు చెల్లించి కొన్నాను. వాటిలో మూడు ఎప్పటివో ఎంపీ3 ఫైళ్లను సాగదీసి పెద్దవి చేసినవి; నాలుగోది అసలు ఆ గాయకులు పాడినదే కాదు. ఫిర్యాదు ఇంకా నడుస్తున్నందువల్ల ఆ సంస్థ పేరు ఇక్కడ రాయడం లేదు. అయినా పేరు కంటే ఈ పద్ధతిని గుర్తుపట్టడమే ముఖ్యం, ఎందుకంటే ఇంచుమించు ఇదే వివరణతో ఇవే పాటలను అమ్మే చోట్లు ఇంకా కొన్ని కనిపిస్తున్నాయి.

ఇలాంటి సెట్టు కొనడానికి మనవాళ్ళు ఎందుకు ముందుకు వస్తారో వేరే చెప్పనక్కర్లేదు. ఘంటసాల, లీల, జిక్కి, సుశీల గొంతులను వాళ్ళు పాడిన రోజుల్లో ఉన్నంత నిండుగా ఒక్కసారైనా వినాలన్న కోరిక చాలామందిలో ఉంది. ఉచితంగా దొరికే ఫైళ్లు చాలావరకు రికార్డు నుంచి క్యాసెట్టుకు, క్యాసెట్టు నుంచి సీడీకి, అక్కడి నుంచి ఎంపీ3కి మారుతూ, మారిన ప్రతిసారీ కొంత పోగొట్టుకుంటూ వచ్చినవే. అందువల్ల మూల టేపు నుంచి నేరుగా తీశామని ఎవరైనా చెబితే, తగిన ధర ఇవ్వడానికి శ్రోత వెనుకాడడు. అమెరికాలోనూ గల్ఫ్‌లోనూ ఉన్న మనవాళ్ళు తల్లిదండ్రుల కోసం ఇవే సెట్లను డాలర్లలో కొంటున్నారు. ఈ మోసంలో నాకు అన్నిటికంటే బాధ కలిగించినది అదే.

మంచి హెడ్‌ఫోన్స్ పెట్టుకుని వినగానే తేడా తెలిసింది. ఒక యుగళగీతం మొదట్లో వచ్చే తబలా దెబ్బకు పదును లేదు. అది పడడానికి ముందే దాని నీడలాంటి చప్పుడు ఒకటి సన్నగా వినిపిస్తోంది. గాయని ‘స’, ‘శ’ పలికిన ప్రతిచోటా గొంతు పక్కన ఏదో గలగలమంటోంది. పల్లవి అయిపోయి వయొలిన్లు ఆగిన చోట శబ్దం ఒక్కసారిగా శూన్యమైపోతోంది. చరణం ఎత్తుకునే ముందు ఆమె తీసుకునే ఊపిరి చప్పుడు కూడా అక్కడ లేదు. రికార్డు మీది గరగరను తొలగించే సాఫ్ట్‌వేర్‌ను మితిమీరి వాడినప్పుడు ఊపిరి, తంబురా నాదం, తబలా మీద వేళ్ళు రాసుకునే చప్పుడు కూడా ఇలాగే తుడిచిపెట్టుకుపోతాయి. ఆ తరువాత కృత్రిమంగా ప్రతిధ్వని కలిపి పాట ‘నిండుగా’ ఉన్నట్టు చూపిస్తారు. ఈ ఫైళ్లలో ఆ రెండు పనులూ జరిగాయి.

చెవికి తోచినదాన్ని మాత్రమే ఆధారం చేసుకుని ఒకరిని తప్పుపట్టడం సరికాదు కాబట్టి, ఫైళ్లను స్పెక్ అనే ఉచిత ప్రోగ్రాంలో తెరిచి చూశాను. పాటలో ఏ క్షణంలో ఏయే పౌనఃపున్యాలు ఉన్నాయో ఇది రంగుల బొమ్మగా చూపిస్తుంది. 96 కిలోహెర్ట్జ్ ఫైలులో 48 కిలోహెర్ట్జ్ వరకు శబ్దాన్ని నమోదు చేసే వీలుంటుంది. నేను కొన్న ఫైళ్లలో అడుగు నుంచి 16 కిలోహెర్ట్జ్ వరకు రంగు ఉంది. అక్కడ స్కేలు పెట్టి గీసినట్టు అడ్డంగా ఒక గీత, ఆ పైన అంతా నలుపు. పాట మొదలు నుంచి చివరి వరకు, గొంతు ఉన్నా లేకపోయినా, ఆ గీత కదలలేదు. 128 కేబీపీఎస్ (సెకనుకు 128 కిలోబిట్లు) ఎంపీ3 తయారయ్యేటప్పుడు ఫైలు చిన్నదయ్యేందుకు సాధారణంగా 16 కిలోహెర్ట్జ్ దగ్గర పైభాగాన్ని కోసేస్తారు. 320 కేబీపీఎస్ అయితే ఆ కోత 20 కిలోహెర్ట్జ్ దగ్గర ఉంటుంది. అంటే ఈ ఫైళ్లకు మూలం 128 కేబీపీఎస్ ఎంపీ3లే అనుకోవాలి.

ఇక్కడ ఒక విషయంలో న్యాయంగా మాట్లాడాలి. ఆ కాలపు గ్రామఫోన్ రికార్డులలోనూ సినిమా ప్రింట్ల మీది సౌండ్ ట్రాకులలోనూ అంత పై స్థాయి సంగీతం మొదటినుంచీ లేదు. అందువల్ల పైభాగం పలుచగా ఉన్నంత మాత్రాన ఫైలు నకిలీ అనుకోకూడదు. నిజంగా టేపు నుంచో రికార్డు నుంచో తీసిన ఫైలులో సంగీతం పైకి వెళ్ళేకొద్దీ క్రమంగా పలచబడుతుంది. దాని పైన టేపు సర్రుమనే శబ్దమో, సూది గరగరో సన్నని పొగలా పై వరకు పరచుకుని ఉంటుంది. ప్రకృతిలోని ఏ శబ్దమూ గీత గీసినట్టు ఒక్కచోట ఆగదు. కాబట్టి చూడవలసినది పైన సంగీతం ఉందా లేదా అని కాదు, ఆ ఆగిపోవడం ఎలా ఉందన్నది.

‘ఫైలు సైజు పెద్దగా ఉంది కదా, నాణ్యత లేకుండా ఎలా ఉంటుంది?’ అని కొందరు మిత్రులు అడిగారు. మూడు నిమిషాల పాట 128 కేబీపీఎస్ ఎంపీ3లో సుమారు 3 ఎంబీ ఉంటుంది. అదే పాట 24 బిట్, 96 కిలోహెర్ట్జ్ స్టీరియోగా, ఏ కుదింపూ లేకుండా ఉంటే 100 ఎంబీ దాటుతుంది. ఫ్లాక్‌లోకి మార్చితే అందులో సగమో, అంతకంటే కొంచెం ఎక్కువో అవుతుంది. ఎంపీ3ను తెచ్చి ఫ్లాక్‌గా మార్చడం ఏ కంప్యూటరులోనైనా నిమిషాల్లో అయ్యే పని. మజ్జిగలో ఎన్ని నీళ్లు పోసినా చెంబు నిండుతుంది కాని అది తిరిగి పెరుగు కాదు. ఫ్లాక్ తనకు ఇచ్చిన శబ్దాన్ని చెక్కుచెదరకుండా దాచుతుంది, నిజమే. ఆ ఇచ్చినది ఎక్కడిదో మాత్రం చెప్పలేదు.

స్టీరియో విషయం కూడా అంతే. ఆ పాటలు మోనోలో రికార్డయినవి, అంటే రెండు చెవులకూ ఒకే శబ్దం రావాలి. ఈ సెట్టులో ‘స్టీరియో’ అని రాసి, మంద్ర ధ్వనులను ఒకవైపు, తార స్థాయి ధ్వనులను ఇంకోవైపు నెట్టారు. ఘంటసాల గొంతు మధ్యలో నిలవకుండా, స్థాయి మారినప్పుడల్లా పక్కకు జరుగుతూ ఉంటుంది. వినడానికి అంతకంటే ఇబ్బంది మరొకటి లేదు. నిజాయితీగా మోనో అని రాసి, 16 బిట్, 44.1 కిలోహెర్ట్జ్ సీడీ నాణ్యతలో ఇచ్చినా అది ఈ సెట్టు కంటే ఎంతో మేలుగా ఉండేదని నా అభిప్రాయం. మనిషి చెవి 20 కిలోహెర్ట్జ్‌కు మించి వినజాలదు కాబట్టి 96 కిలోహెర్ట్జ్ అన్న అంకెను చూసి మురిసిపోనక్కర్లేదు. పాత పాట విలువంతా మూలం మంచిదా, చేసినవారి చేయి మంచిదా అన్నదానిలోనే ఉంది.

నాలుగో ఆల్బమ్ సంగతి ఇంకా తీవ్రమైనది. దాని ముఖచిత్రం మీద అలనాటి గాయకుల ఫోటోలు, పేర్లు పెద్ద అక్షరాలతో ఉన్నాయి. లోపల పాడినవాళ్ళు వేరే. వీణ ఉండవలసిన చోట కీబోర్డు మోగుతుంది, దానిలో గమకం లేదు. తాళం మొదటి నుంచి చివరి వరకు యంత్రం వేసినట్టు ఒక్కలాగే నడుస్తుంది. పాడిన యువకుడు ‘ళ’ ఉన్న ప్రతిచోటా ‘ల’ పలికాడు. ఆ తరం గాయకులలో ఎవరూ అలా పలకరని మన శ్రోతల్లో ఎవరికైనా తెలుసు. ఆ యువకుడి మీద నాకు ఏ కోపమూ లేదు. అతని పేరు కూడా ముఖచిత్రం మీద వేయకపోవడం అతనికి జరిగిన అన్యాయం. అమ్మకపు పేజీలో వినిపించే 30 సెకన్ల నమూనాలు మాత్రం అసలు గాయకులవే పెట్టారు.

మన కాపీరైట్ చట్టంలో ఈ విషయమై స్పష్టమైన నియమం ఉంది. 2012 సవరణతో వచ్చిన 31సి సెక్షన్ ప్రకారం, పాట మొదట రికార్డయిన సంవత్సరం ముగిసి ఐదేళ్ళు గడిచాక, హక్కుదారులకు రాయల్టీ చెల్లించి కవర్ వెర్షన్ (అదే పాటను వేరేవాళ్ళు మళ్ళీ పాడిన రికార్డు) చేయవచ్చు. కాని దాని మీద పూర్వపు గాయకుల పేర్లు గాని, బొమ్మలు గాని, ఆ సినిమా పేరు గాని వాడకూడదు. ఇది కవర్ వెర్షన్ అని ముఖచిత్రం మీద రాసి తీరాలి. ఇక శబ్దముద్రణ మీద హక్కు, విడుదలైన మరుసటి సంవత్సరం నుంచి 60 ఏళ్ళు మాత్రమే ఉంటుంది. ఆ గడువు దాటిన రికార్డులు ఏటేటా పెరుగుతున్నాయి కాబట్టే ఇలాంటి అమ్మకందారులు ఇప్పుడు ఇంతమంది పుట్టుకొస్తున్నారు. సాహిత్యం, సంగీతాల మీది హక్కులు వేరు. అవి రచయిత, స్వరకర్త మరణించాక కూడా 60 ఏళ్ళు నడుస్తాయి. పాత రికార్డును శ్రద్ధగా శుభ్రం చేసి, ఫలానా రికార్డు నుంచి తీశామని చెప్పి అమ్మేవాళ్ళు ఉంటే వాళ్ళకు డబ్బు ఇవ్వవలసిందే. మూలం గురించి అబద్ధం చెప్పడమే ఇక్కడి నేరం.

స్పెక్ బొమ్మలు జతచేసి ఆ సంస్థకు రాశాను. ‘డిజిటల్ ఉత్పత్తులకు వాపసు ఉండదు, మా షరతుల్లో రాసి ఉంది’ అని ఒక వాక్యంలో జవాబు వచ్చింది. మాస్టర్ టేపు ఎక్కడిదని అడిగిన ప్రశ్నకు సమాధానం లేదు. ఈ జవాబు చూసి చాలామంది అక్కడితో వదిలేస్తారు, కాని వదిలేయవలసిన అవసరం లేదు. 2019 వినియోగదారుల రక్షణ చట్టం వస్తువు ప్రమాణం, నాణ్యతల గురించి తప్పుడు ప్రకటన చేయడాన్ని అక్రమ వ్యాపార పద్ధతిగా చెబుతోంది. 2020 ఇ-కామర్స్ నియమాలు డిజిటల్ ఉత్పత్తులకు కూడా వర్తిస్తాయి. వాటి ప్రకారం ఫిర్యాదుల అధికారి 48 గంటల్లో ఫిర్యాదు అందినట్టు తెలిపి, నెలలోపు పరిష్కరించాలి. ముందుగా జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేయవచ్చు. అక్కడ తేలకపోతే మీరు నివసించే జిల్లాలోని వినియోగదారుల కమిషన్‌లోనే కేసు వేయవచ్చు. చెల్లించిన మొత్తం 5 లక్షల లోపు అయితే ఫీజు లేదు, గడువు రెండేళ్ళు. విదేశాల్లో ఉండి కార్డుతో కొన్నవారు ఆలస్యం చేయకుండా కార్డు ఇచ్చిన బ్యాంకులో, వస్తువు వివరణకు తగినట్టు లేదని వివాదం నమోదు చేయడం మేలు.

కొనబోయేవారు సెట్టు మొత్తానికి డబ్బు కట్టకుండా ముందు ఒక్క పాట విడిగా అమ్ముతారేమో చూడండి. అలా అమ్మకపోతే అదే ఒక సూచన. టేపు ఎవరి దగ్గరిది, రికార్డు నంబరు ఏమిటి, ఎవరు డిజిటల్‌లోకి మార్చారు అని రాసి అడగండి. నిజంగా పని చేసినవాడు ఈ వివరాలు సంతోషంగా, అడిగినదానికంటే ఎక్కువే చెబుతాడు. ఫైళ్లు మీ కంప్యూటరులోకి వస్తాయా, లేక వాళ్ళ యాప్‌లో మాత్రమే తెరుచుకుంటాయా అన్నది కూడా ముందే తేల్చుకోవాలి. 2012లో పాటల డౌన్‌లోడ్ కోసం ఫ్లిప్‌కార్ట్ మొదలుపెట్టిన ఫ్లైట్ అనే ఆన్‌లైన్ దుకాణం 2013లోనే మూతపడింది. అంత పెద్ద సంస్థ దుకాణమే నిలవనప్పుడు, కొన్న రోజే ఫైళ్లను వేరే డ్రైవులో భద్రపరచుకోవడం తప్పనిసరి.

మనం ఆల్బమ్‌ల గురించి ఒకరికొకరు చెప్పుకునే అభిప్రాయాల విషయంలోనూ ఒక మనవి ఉంది. ఈ సెట్టును నేను కొనడానికి ముందు చదివిన ప్రశంసలలో దాదాపు అన్నీ పాటల గొప్పతనం గురించినవే. పాట గొప్పదే, అందులో ఎవరికీ సందేహం లేదు. కొనేవాడికి కావలసినది ఈ ఫైలు ఎలా ఉందన్నది. ఫోన్ స్పీకరులో విన్నారా, బ్లూటూత్ ఇయర్‌ఫోన్స్‌లోనా, తీగ ఉన్న హెడ్‌ఫోన్స్‌లోనా అన్నది రాయండి, ఎందుకంటే బ్లూటూత్ తానే శబ్దాన్ని మళ్ళీ కుదిస్తుంది కాబట్టి ఈ లోపాలలో కొన్ని దానిలో తెలియవు. మీ దగ్గర అదే పాట పాత సీడీ ఉంటే దానితో పోల్చి రాయండి. నేను చివరికి చేసిన పని అదే: 1990ల నాటి ఒక మామూలు సీడీలో అదే యుగళగీతం విన్నాను. గరగర ఉంది, కాని తబలా దెబ్బ పదునుగా పడింది, చరణానికి ముందు గాయని ఊపిరి వినిపించింది.

ఈ మధ్య ఆ అమ్మకపు పేజీలో ‘ఒరిజినల్ మాస్టర్ టేపుల నుంచి’ అన్న మాట తీసేసి ‘రీమాస్టర్డ్’ (పాత రికార్డింగును మళ్ళీ మెరుగుపరిచినది) అని మార్చారు. ధర, ముఖచిత్రాలు అలాగే ఉన్నాయి. పాత వివరణతో ఉన్న పేజీ స్క్రీన్‌షాట్ నా ఫిర్యాదుతో పాటు జతచేశాను. ఇంతకుముందే ఈ రకం సెట్టు కొన్నవారు ఇన్‌వాయిసు, చెల్లింపు రసీదు, వాళ్ళు పంపిన మెయిళ్లు తొలగించకుండా ఉంచండి. డౌన్‌లోడ్ చేసిన ఫైళ్ల పేర్లు మార్చకండి, వేరే ఫార్మాట్‌లోకి మార్చకండి.