అసలు గంజాయి, 'గంజాయి లాంటిదే' అనే ప్యాకెట్, డాక్టర్ రాసే క్యాప్సూల్: ఏది మేలు?

బెంగళూరు మారతహళ్లిలో మా అన్నయ్య కొడుకు ఉండే పీజీ మనవాళ్లదే. పొద్దున పెసరట్టు, రాత్రి గోంగూర పప్పు, గదికి ముగ్గురు. పోయిన నెల ఒక రాత్రి పదకొండున్నరకి ఫోన్ చేశాడు. "అత్తా, మా రూమ్మేట్‌కి ఏదో అయిపోతోంది. గంజాయి లాంటిదే ఏదో తాగాడట. కానీ గంజాయి కాదట." పదిహేనేళ్లుగా హాస్పిటల్లో ఫార్మసిస్టుగా చేస్తున్నాను. ఆ 'లాంటిదే' అన్న మాటకి నా గుండె జారిపోయింది. "ఆటో ఎక్కించి క్యాజువాలిటీకి తీసుకొచ్చెయ్ నాన్నా. ప్యాకెట్ పారేయకుండా పట్టుకురా" అన్నాను.

వచ్చేసరికి ఆ కుర్రాడి చొక్కా నిండా వాంతి. పల్స్ 140 దాటింది. పిలిస్తే కళ్లు తిప్పుతున్నాడు గానీ ఎవరినీ గుర్తుపట్టడం లేదు. యూరిన్ టెస్టులో గంజాయి లేదని వచ్చింది. ప్యాకెట్ అరచేతిలో పట్టేంత, వెండి రంగులో ఉంది. లోపల ఎండబెట్టి నలిపిన కొత్తిమీర లాంటి ఆకు, చాక్లెట్ కాగితానికి ఉండే స్ట్రాబెర్రీ వాసన. వెనక చిన్న అక్షరాల్లో 'మనుషులు వాడడానికి కాదు' అని ఉంది.

రెండు రోజులు పోయాక మావాడు అడిగాడు. "గంజాయైతే టెస్టులో పడుతుంది, ఇది పడదని చెప్పి ఇచ్చారట అత్తా. రెండూ ఒకటే కదా, మరి ఏది మేలు?" వాడి వయసు పిల్లలు చాలామందికి ఈ అనుమానం ఉంది కాబట్టి వాడికి చెప్పిందే ఇక్కడ రాస్తున్నాను.

మన మెదడులో సీబీ1 అనే రిసెప్టర్లు ఉంటాయి, కొన్ని పదార్థాలు అతుక్కుంటే పనిచేసే స్విచ్‌ల లాంటివి. ఆకలి, నొప్పి, జ్ఞాపకం, భయం లాంటి వాటిని సర్దుబాటు చేయడంలో వాటికి పాత్ర ఉంది. వాటిని తాకడానికి శరీరమే ఒక పదార్థం తయారు చేసుకుంటుంది. 1992లో దాన్ని కనిపెట్టినవాళ్లు మన 'ఆనందం' మాట తీసుకుని ఆనందమైడ్ అని పేరు పెట్టారు. గంజాయిలో మత్తునిచ్చే టీహెచ్‌సీ కూడా ఈ రిసెప్టర్లకే అతుక్కుంటుంది. దాన్ని విడదీసి నిర్మాణం తేల్చింది 1964లో, ఇజ్రాయెల్‌లో మెషులం, గావోని.

అసలు తేడా ఇక్కడ ఉంది. టీహెచ్‌సీ పార్షియల్ ఎగోనిస్ట్. అంటే రిసెప్టర్‌కి అతుక్కున్నా దాన్ని పూర్తిగా పనిచేయించకుండా సగంలోనే ఆపుతుంది. ఫ్యాన్ రెగ్యులేటర్ మూడు దగ్గర బిగుసుకుపోయిందనుకోండి, ఎంత తిప్పినా నాలుగుకి వెళ్లదు. ప్యాకెట్లలో దొరికేవి సింథటిక్ కెన్నబినాయిడ్లు, అంటే ఇవే రిసెప్టర్లకి అతుక్కునేలా ల్యాబులో చేసిన రసాయనాలు. అవి చాలావరకు ఫుల్ ఎగోనిస్టులు. అవి నేరుగా ఐదుకి తిప్పేస్తాయి. వీటిలో పేరుపడ్డ జేడబ్ల్యూహెచ్-018ని అమెరికాలోని క్లెమ్సన్ యూనివర్సిటీలో జాన్ హఫ్‌మన్ బృందం రిసెప్టర్లను అర్థం చేసుకోవడానికి తయారు చేసింది. అది సీబీ1కి టీహెచ్‌సీ కన్నా నాలుగైదు రెట్లు గట్టిగా అతుక్కుంటుంది. 2008లో జర్మనీలో 'స్పైస్' పేరుతో అమ్ముతున్న ప్యాకెట్లలో అదే బయటపడింది. పరిశోధన కోసం చేసినదాన్ని వేరేవాళ్లు తీసుకెళ్లి పిల్లలకి అమ్మారు. అది తలచుకుంటే నాకు ఇప్పటికీ కోపం వస్తుంది.

ఒకదాన్ని నిషేధిస్తే అణువులో చిన్న మార్పు చేసి ఇంకోటి దింపుతారు. యూరప్‌లో ఇప్పటిదాకా 200కు పైగా రకాలు పట్టుబడ్డాయి. 2016 జులైలో న్యూయార్క్‌లోని బ్రూక్లిన్‌లో ఒకే వీధి పరిసరాల్లో 33 మంది నిలబడ్డవాళ్లు నిలబడ్డట్టే మొద్దుబారిపోయారు. వాళ్లు తాగిన రకం టీహెచ్‌సీ కన్నా సుమారు 85 రెట్లు శక్తివంతమైనదని తేలింది.

పైగా ప్యాకెట్‌లోని ఆకు రసాయనాన్ని మోయడానికే. రసాయనాన్ని దాని మీద చల్లుతారు. పులిహోరలో ఉప్పు సరిగా కలవకపోతే ఒక ముద్ద చప్పగా, ఇంకో ముద్ద నోట్లో పెట్టలేనట్టు ఉంటుంది కదా, ఇదీ అంతే. నిన్న తాగితే ఏమీ కాలేదు కదా అని ఇవాళ అదే ప్యాకెట్ తాగినవాడికి ఫిట్స్ రావచ్చు. కొందరికి కిడ్నీలు దెబ్బతిన్నాయి. 2018లో అమెరికాలోని ఇల్లినాయ్‌లో ఎలుకల మందు కలిసిన సరుకు తాగి 150 మందికి పైగా ఆగని రక్తస్రావంతో ఆస్పత్రులకు వచ్చారు. సింథటిక్ కెన్నబినాయిడ్లకి విరుగుడు మందు లేదు. ఫిట్స్‌కి, ఆందోళనకి ఇంజెక్షన్లు, సెలైన్, కనిపెట్టుకుని ఉండడం, అంతే.

ఇక క్యాప్సూల్. దాని పేరు నాబిలోన్. ఇదీ ల్యాబులో చేసిన కెన్నబినాయిడే. కీమోథెరపీ వాంతులు మామూలు మందులకి తగ్గనివాళ్ల కోసం 1985లో అమెరికా అనుమతించింది. ఒక్కో క్యాప్సూల్‌లో 1 మిల్లీగ్రాము. దీనికీ మగత, తల తిరగడం ఉంటాయి. కానీ ఎంత ఇస్తున్నామో తెలుసు, ఎప్పుడు ఆపాలో తెలుసు. కాబట్టి 'సింథటిక్ అయితే చెడ్డది, ఆకు అయితే మంచిది' అనే లెక్క తప్పు. రిసెప్టర్‌ని ఎంత దూరం తిప్పుతుంది, ఎంత మోతాదు లోపలికి వెళ్తోంది అన్నవే చూడాలి.

మరి ఏది మేలు? రోగికి అవసరమైతే, డాక్టర్ రాస్తే, క్యాప్సూల్. గంజాయికీ ప్యాకెట్‌కీ మధ్య అయితే ప్యాకెట్ ఎన్నో రెట్లు ప్రమాదం, ఇందులో నాకు ఏ అనుమానమూ లేదు. అలాగని మావాడికి గంజాయి పర్వాలేదని చెప్పలేదు. సుమారు పాతికేళ్ల దాకా మెదడు ఇంకా కుదురుకుంటూ ఉంటుంది, ఆ వయసులో రోజూ తాగేవాళ్లకి పిచ్చి భ్రమలు వచ్చే ముప్పు ఎక్కువ. మత్తుమందుల మీద ఉన్న ఎన్‌డీపీఎస్ చట్టం కింద తాగినందుకే ఆరు నెలల దాకా జైలు పడొచ్చు. మానలేకపోతున్నవాళ్లకి హోసూర్ రోడ్డులో మానసిక వైద్యశాల నిమ్హాన్స్ ఉంది. మాట్లాడాలంటే మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ 14416కి ఫోన్ చేయొచ్చు, తెలుగులో చెప్పుకోవచ్చు.

ఆ కుర్రాడు మూడో రోజు లేచి కూర్చున్నాడు. వాళ్లమ్మ ఒంగోలు నుంచి రాత్రి బస్సులో వచ్చి మంచం పక్కనే స్టూలు మీద కూర్చుంది. ఆవిడ చేతిలో కేస్ షీట్ ఉంది. తీసుకున్న పదార్థం, మోతాదు అని రెండు గళ్లు. డాక్టర్ ఆ రెండింటిలోనూ అడ్డగీత పెట్టారు. "ఇక్కడేం రాయలేదేంటమ్మా?" అని ఆవిడ నన్ను అడిగింది.