నాయకుడు డీవీడీ కొనేముందు ఒక్క నిమిషం ఆగండప్పా

ముందే చెప్పేస్తాండా, నా కోపం సినిమా మీద కాదు. సినిమాకి నేను ఐదుకి ఐదు ఇస్తా, ఆరు ఉంటే ఆరిస్తా. దాన్ని డిస్కులో పెట్టి నూట ఇరవై రూపాయలకి అమ్మినోళ్ళకి మాత్రం అర స్టార్, ఆ అర కూడా ఎందుకిచ్చినానో కిందికి పోయేకొద్దీ మీకే తెలుస్తాది.

మొన్న ఆదివారం కడపలో ఏడు రోడ్ల కాడ పనుండి పోయినా. పక్క సందులో పాత సీడీల అంగడి ఒకటి ఇంకా తెరిచే ఉండాది. ఈ కాలంలో సీడీలు ఎవరు కొంటారబ్బా అని లోపలికి పోతే ముక్కాలు వంతు మొబైల్ కవర్లు, ఛార్జర్లు, టెంపర్డ్ గ్లాసులు, వెనక ఒక ఇనుప బీరువాలో మాత్రం డీవీడీలు దుమ్ము పట్టి ఉన్నాయి. వెతుకుతాంటే నాయకుడు దొరికింది. అట్ట మీద బంగారు రంగు అక్షరాలు, స్పెషల్ ఎడిషన్ అంట, డిజిటల్లీ రీమాస్టర్డ్ అంట, 5.1 సౌండ్ అంట. మా చిన్నాయన మొహం కళ్ళ ముందుకొచ్చింది, బేరం కూడా ఆడలా, ఇచ్చి పారేసి తెచ్చుకున్నా.

చిన్నాయన గురించి ఒక మాట చెప్పాల. ఇంటర్ చదివేటప్పుడు ఈ సినిమా వస్తే కాలేజీ ఎగ్గొట్టి వారంలో నాలుగుసార్లు చూసినాడంట, నాలుగోసారి ఇంటర్వెల్‌లో మా జేజినాయన థియేటర్‌కే వచ్చి చెవి పట్టుకుని తీసుకపోయినాడంట, అందుకే నాలుగోసారి సగమే చూసినా అని ఇప్పటికీ లెక్క చెప్తాడు, మూడున్నర సార్లు అని. ఫోన్లో సినిమా చూడమంటే చూడడు. అంత చిన్న బొమ్మలో ఏం కనపడుతాది రా, పోస్టు స్టాంపు చూసినట్టుంటాది అంటాడు. ఇంట్లో పాత డీవీడీ ప్లేయర్‌ని మాత్రం గుడ్డ కప్పి దేవుడి పటం మాదిరి చూసుకుంటాడు. ఆయనకి ఇద్దామనే కొన్నా.

సినిమా సంగతి తెలీనోళ్ళు తక్కువే గానీ ఈ కాలం పిల్లోళ్ళ కోసం చెప్తా. 1987 దీపావళికి తమిళంలో నాయకన్ అని వచ్చింది, తెలుగులో డబ్బింగ్ చేస్తే నాయకుడు. మణిరత్నం తీసినాడు, అప్పటికి కమల్‌కి ముప్పై మూడేళ్ళు కూడా నిండలే, ఆ వయసులో పెళ్ళి కాని పిల్లోడి నుంచి మనవడున్న ముసలాయన దాకా చేసినాడు. మేకప్ ఒకటే కాదు, నడక మారుతాది, కూర్చునే తీరు మారుతాది, చివరికొచ్చేసరికి మాట కూడా బరువెక్కి నిదానంగా వస్తాది. బొంబాయిలో వరదరాజ ముదలియార్ అని ఒకాయన ఉండె, తమిళోళ్ళ పేటలకి పెద్ద దిక్కు మాదిరి, ఇటు స్మగ్లింగ్ డాన్ కూడా, ఆయన బతుకు చూసి అల్లుకున్న కథ. కమల్‌కి, కెమెరా పట్టిన పీసీ శ్రీరామ్‌కి, ఆర్ట్ డైరెక్టర్ తోట తరణికి, ముగ్గురికీ నేషనల్ అవార్డులొచ్చినాయి. తోట తరణి మన తెలుగాయనే. ధారావి మురికివాడని మద్రాసులో స్టూడియోలో సెట్టేసినాడు, చూసినోళ్ళకి సెట్టని చెప్తే గానీ తెలీదు. మన దేశం నుంచి ఆస్కార్‌కి పంపినారు, 2005లో టైమ్ పత్రిక వేసిన వంద గొప్ప సినిమాల లిస్టులో కూడా ఉండాది.

అవార్డులు అట్లుండనీ. మా సీమోళ్ళకి ఈ సినిమా ఎందుకు పట్టుకుంటాదో అది చెప్తా. మా ఊళ్ళ పేర్లు పెట్టి తీసిన సినిమాలు ఎన్నొచ్చినాయో మీకు తెలుసు, సుమోలు గాల్లోకి లేస్తాయి, హీరో తొడ కొడతాడు, పక్కనోడు మీసం తిప్పుతాడు, కడప అని బోర్డు పెట్టి యాడనో షూటింగ్ చేసుకుంటారు, బయట ఊరికి పోయి మాది కడప అంటే చాలు, బాంబులేమైనా తెచ్చినావా అని జోకులు. ఆ సినిమాల్లో ఎంతమందిని నరికినా చివర్లో హీరో ఇంటికి పోయి శుభ్రంగా అన్నం తింటాడు. ఇందులో అట్ల కాదు. కత్తి పట్టినందుకు ఒక్కొక్కటీ లెక్కేసి వసూలు చేస్తాది సినిమా, పెండ్లాం పోతాది, కొడుకు పోతాడు, కూతురు నువ్వొద్దు అని గడప దాటిపోతాది. తాను చంపిన పోలీసాయన కొడుకుని తానే సాకుతాడు చూడండి, తిక్క పిల్లోడు, చివరికి లెక్క చెల్లగొట్టేది ఆ పిల్లోడే. చివర్లో మనవడు అడుగుతాడు కదా, నువ్వు మంచోడివా చెడ్డోడివా అని, ఆయన తెలీదు అంటాడు. ఇట్లాంటి జవాబు చెప్పే పెద్దమనిషి సీమ సినిమాలో ఒక్కడన్నా ఉండాడా?

ఇంగ డిస్కు కాడికొస్తాం.

పెట్టంగానే ముందు యాడ్స్, తలనూనె ఒకటి, నగల అంగడి ఒకటి, తర్వాత ఆ కంపెనీ వాళ్ళ వేరే సినిమాల ట్రైలర్లు, రిమోట్‌లో ఏది నొక్కినా ముందుకి పోదు, ఎనిమిది నిమిషాలు గమ్మున కూర్చోవాల. తర్వాత మెనూ వచ్చింది. సినిమా 1, సినిమా 2, సినిమా 3 అని మూడున్నాయి! చిన్నాయన సంబరపడిపోయి రేయ్ మూడు సినిమాలు ఇచ్చినారు రా అన్నాడు. రెండు నొక్కితే ఏం రాదు, మూడు నొక్కితే ఏం రాదు. సంగతేందంటే ఎప్పుడో మూడు సినిమాలు ఒక్క డిస్కులో ఇరికించి అమ్మిన సరుకుంటాది కదా, అందులోంచి మిగతా రెండూ పీకేసి దీన్నొక్కదాన్నే బంగారు అట్టలో పెట్టినట్టుండాది. నాకు డౌటొచ్చి తర్వాత కంప్యూటర్లో పెట్టి చూసినా. 4.7 జీబీ పట్టే డిస్కులో సినిమా ఉండేది జీబీన్నర. మూడు జీబీ ఖాళీ! మూడు కుటుంబాలకని ఇరుకు గదులు కట్టి, ఇద్దరు ఖాళీ చేసి పోయినా మిగిలినోణ్ణి అదే గదిలో పడుకోమన్నట్టుండాది. పాత వీసీడీల కంటే కొంచెం మెరుగు అంతే, మనిషి తల తిప్పితే మొహం గళ్ళు గళ్ళుగా పగిలిపోతాది.

అట్ట వెనక నిడివి రెండు గంటల ఇరవై ఐదు నిమిషాలు అని రాసినారు, ప్లేయర్లో రెండు గంటల ఎనిమిదికే అయిపోయింది. ఇందులో కొంత న్యాయమే ఉండాది లెండి, ఫిల్ము సెకనుకి 24 ఫ్రేములు, మన టీవీల పాల్ పద్ధతిలో 25, కొంచెం ఫాస్టుగా తిరుగుతాది కాబట్టి ఒక ఆరు నిమిషాలు తగ్గుతాది. మరి తక్కిన పదకొండు నిమిషాలు ఎవరు తిన్నారు? బోటు మీద పాట మొత్తానికి లేదు. ఢిల్లీ గణేశ్ సీన్లు ముక్కలు ముక్కలు. వేశ్యల కొంపలో చిక్కుకున్న బడిపిల్ల శరణ్య, రేపు లెక్కల పరీక్షుంది తొందరగా పంపించండి అని కమల్‌ని అడిగే సీనుంది చూడండి, చూసినోడికి గొంతులో ముద్ద దిగదు, దాన్ని సగంలోంచి మొదలుపెట్టినారు, పుస్తకం ఎందుకొచ్చిందో పిల్ల ఎవరో కొత్తగా చూసేవాడికి ఏం అర్థమవుతాది సామీ.

సౌండ్ అయితే ఇంగ చెప్పబల్లే. అప్పట్లో వచ్చింది మోనోలో, అంటే సౌండంతా ఒకే ట్రాకులో, దాన్ని తీసుకొచ్చి 5.1 అని పేరు పెట్టి నాలుగు పక్కలా పంచినారు, ఇళయరాజా సంగీతం బావిలోంచి వస్తాంది, మాటలు ఇంకో బావిలోంచి. పైగా ఇందాక చెప్పిన స్పీడ్ వల్ల పాటల శ్రుతి కొంచెం పైకి లేచింది, నీ గూడు చెదిరింది పాట వస్తాంటే చిన్నాయన మొహం చిట్లించి, ఏం రా ఇది, తొందరగా పాడి బస్సు పట్టుకోవాలనా వీళ్ళకి అన్నాడు. ఆయనకి పాల్ తెలీదు, 25 ఫ్రేములు తెలీదు, మూడున్నరసార్లు విన్న చెవి అంతే. కుడి పక్క పైన కంపెనీ లోగో, కింద అప్పుడప్పుడు ఫోన్ నంబర్ పాకుతా పోతాది, అంత్యక్రియల సీన్లో కూడా.

ఇవన్నీ నేను ఓర్చుకుంటా, నిజంగా. పాత డబ్బింగ్ సినిమా, మంచి ప్రింటు దొరకలేదేమో, చిన్న కంపెనీ ఏమో అని సర్దుకుంటా. ఓర్చుకోలేనిది ఒకటే, చీకటి తీసేసినారు.

ఈ సినిమాకి చీకటే ప్రాణం. పీసీ శ్రీరామ్ ఏం చేసినాడంటే, చానా చోట్ల పైనుంచి ఒక్క లైటు, మనిషి నుదురు, ముక్కు, చెంప అంచు కనపడతాయి, కళ్ళు నీడలో ఉంటాయి, వెనక గోడ ఉందో లేదో తెలీదు. ఆ మనిషి ఏం ఆలోచిస్తాండాడో మనకి పూర్తిగా దొరకకూడదు, మంచోడా చెడ్డోడా అనే ప్రశ్న చివర్లో మనవడు అడిగేది మాటల్లో, లైటింగ్ మొదటి నుంచీ అదే అడుగుతాంటాది. ది గాడ్‌ఫాదర్‌లో కెమెరామన్ గోర్డన్ విల్లిస్ చేసినాడు కదా 1972లో, ఆ దోవ. 2008లో ఆ సినిమాని బాగు చేసి డిస్కులేసినప్పుడు ఎంత నల్లగా ఉండాలో విల్లిస్‌నే అడిగి చేసినారు.

ఇక్కడ ఏం జరిగినట్టుండాదంటే, ఫిల్ముని వీడియోలోకి ఎక్కించేటప్పుడు టెలిసినీ మిషన్ కాడ కూర్చునే ఆపరేటర్ చేతిలో వెలుగు పెంచే తగ్గించే నాబ్‌లుంటాయి, మొహం సరిగా కనపడలేదే అని తిప్పేసినాడు. పాపం ఆయన మంచికే చేసినాడేమో, పెండ్లి వీడియో అయితే మెచ్చుకునేవాళ్ళం కూడా. ఇప్పుడు నలుపు ఉండాల్సిన చోటల్లా బూడిద రంగు, అందులో చీమలు పాకినట్టు గింజలు గింజలుగా కదులుతాంటాది. వెనక గోడ కనపడుతాంది, గోడకి వేసిన రంగు కనపడుతాంది, కమల్ ముసలి మేకప్ అతుకు కూడా కనపడుతాంది! తోట తరణి అంత కష్టపడి వేసిన ధారావి, ఇప్పుడు చూస్తే సెట్టని చిన్నపిల్లోడు కూడా చెప్తాడు. దానికి తోడు వెడల్పు టీవీకి సరిపోవాలని పైనా కిందా కోసినారు, దగ్గర షాట్లలో కమల్‌కి నుదురు లేదు, పైనుంచి లైటు పడేదే నుదుటి మీద.

ఇంగ అసలు వింత. రెండో సగంలో, కొడుకు చచ్చిపోయిన వార్త వచ్చే చోట, ఉన్నట్టుండి మాటలు తమిళంలోకి మారిపోయినాయి. తెలుగు ప్రింటులో ఆ రీలు పాడై ఉంటాది, తమిళం దాంట్లోంచి తెచ్చి అతికించినారు, చెప్పాపెట్టకుండా. వంటింట్లోంచి మా జేజి, ఏందిరా వీళ్ళు అరవం మాట్లాడుతాండారు ఇప్పుడిదాకా బాగనే ఉండ్రి కదా అని అడిగింది. నేను నవ్వబోతాండా, అంతలో చూసుకుంటే టీవీ నల్లబడింది.

చెడిపోలేదు. ఆ ముక్క వేరే యాడనుంచో తెచ్చినది కాబట్టి ఆ నాబ్ తిప్పినాయన చెయ్యి దానికి తగల్లా. నలుపు నలుపుగా ఉండాది. కమల్ మొహంలో సగం లేదు. నుదురు ఉండాది. శబ్దం కూడా ఒక్క పక్క నుంచే, మోనోలో, శుభ్రంగా. కొడుకు కోసం ఆ మనిషి ఏడ్చే ఏడుపు ఉంటాది కదా, ఏడుపు అని కూడా అనలేం, లోపల ఏదో తెగిపోయినట్టు అరుపు, దానికి తెలుగేంది తమిళమేంది. తర్వాత కూతురు నిలదీసే సీను కూడా తమిళంలోనే పోయింది, మా ఇంట్లో ఎవరికీ తమిళం రాదు, జేజి కూడా చెయ్యి తుడుచుకుంటా వచ్చి గడప కాడ నిలబడి చూసింది. పది నిమిషాలు. ఆ తర్వాత తెలుగొచ్చింది, బూడిద రంగొచ్చింది, ఫోన్ నంబర్ పాకింది.

డిస్కు మొత్తంలో బాగున్నవి వాళ్ళు పొరపాటున వేసిన ఆ పది నిమిషాలే. అర స్టార్ వాటికే.

మరుసటి రోజు అంగడికి పోయినా. అనా, పదకొండు నిమిషాలు లేదు, మధ్యలో తమిళం వస్తాంది అంటే, బొమ్మ వస్తాందా, సౌండ్ వస్తాందా అని అడిగినాడు. వస్తాంది అన్నా. మరింకేం కావాలనా అన్నాడు. ఆయన తప్పేముంది లెండి, ఆయన చేసింది కాదు కదా. టెంపర్డ్ గ్లాసు ఒకటి సగం ధరకి వేసి పంపించినాడు, అది మాత్రం బాగా అతికించినాడు, ఒక్క బుడగ లేదు.

కొనాలనుకునేవాళ్ళకి చెప్పేది ఏందంటే, కొత్తగా చూసేవాళ్ళు ఈ డిస్కుతో మాత్రం మొదలుపెట్టొద్దు, ఇదేనా గొప్ప సినిమా అనుకుంటారు. 2023 నవంబర్‌లో తమిళం ప్రింటుని 4కేలో బాగు చేసి మళ్ళీ థియేటర్లలో వేసినారు, భాష రాకపోయినా అట్లాంటిది దొరికితే అది చూడండి. మన తెలుగు సౌండ్‌ని ఆ బొమ్మకి జోడించి ఒక డిస్కు వేస్తే నూట ఇరవై కాదు వెయ్యి పెట్టి కొంటా.

చిన్నాయన డిస్కు వెనక్కి ఇయ్యనియ్యలా. రాత్రి భోంచేసినాక పెట్టుకుంటాండాడు, యాడ్స్ నడిచేంతసేపు వక్క పలుకు నములుతా కూర్చుంటాడు, తర్వాత ఫాస్ట్ ఫార్వర్డ్ నొక్కుకుంటా నొక్కుకుంటా అరవం మొదలయ్యే కాడ ఆపుతాడు.

మూడున్నర ఇప్పుడు ఎంతైంది చిన్నాయనా అని అడిగితే, ఇది లెక్కలోకి రాదు రా అన్నాడు.